అడవి లెక్క



బడిపంతులుగా జీవితము గడపినవాడను గావున లెక్కతోడనే యారంభించెదను. ఒక తోపున 100 చెట్లు, వేఱొక తోపునను 100 చెట్లు కలవు. రెండును సమానమే యని నేనొకప్పుడు బాలురకు బోధించితిని.

ఆ తప్పును దిద్దినవాడు పాల్వంచ చెంత కిన్నెరసాని యడవియంచున నుండు కోయవృద్ధుడు. మా పిల్లలు నాటిన జామాయిలు తోపును గర్వముతో జూపగా, "చెట్లు శానా ఉన్నయ్ పంతులుగారూ, ఇప్ప ఏది?" అని యడిగెను. నేను మాఱు పలుకలేకపోతిని.

ఇప్పపూవునకు రాత్రి గబ్బిలములు వచ్చును. రాలిన పూవులను ఎలుగుబంట్లు తినును. మిగిలినవానిని స్త్రీలు బుట్టల కెత్తుదురు. గింజలనుండి నూనె దీయుదురు. అట్టి చెట్టు పోయిన లెక్కలో నొకటి తగ్గును, అడవిలో నొక సంసారమే తగ్గును.

1949లో సింప్సను అనువాడు సులభమైన కొలతను జూపెను. కన్నులు మూసికొని యొక చెట్టును తాకుడు. మరల నొకదానిని, అదే యైనను సరే, తాకుడు. రెండుమాఱులును ఒకే జాతి చేతికి దగులుట కెంత యవకాశము? 10 జాతులు పదేసి చొప్పున నున్నచో నూటికి 10. జామాయిలు 91, తక్కిన 9 జాతులు ఒక్కొక్కటి యున్నచో నూటికి సుమారు 83. చెట్లును సమానమే, జాతులును సమానమే. సంపద మాత్రము వేఱు.

భారత అటవీ సర్వేక్షణ సంస్థ, హెక్టారునకు మించిన నేలపై నూటికి 10 వంతులకు మించి చెట్లనీడ యున్నచో, జాతి యేదైనను అటవీవిస్తీర్ణమున జేర్చును. ఆ లెక్క వ్యర్థము కాదు. కాని యది చాలదు.

సారపాకలో కాగితమునకు కఱ్ఱ వలయును. కొత్తగూడెమున బొగ్గు వలయును. రైతునకు పంట వలయును. ఎవరిని నిందింపను. కాని యెవరి లెక్క వారు వ్రాసికొన్నచో నే జాతి క్షీణించుచున్నదో యెవ్వరికిని దెలియదు. ముందెన్ని జాతులుండెను, ఇప్పుడెన్ని, ఏది యెంత యని యందఱును ఒకే కొలతతో వ్రాయవలెను.

అంకెకును లోపము కలదు: పరదేశపు కలుపుమొక్క చేరినను జాతి యొకటి పెరిగినట్లే చూపును. కావున పేళ్లును వలయును. స్థానికప్రజల నడిగి జీవవైవిధ్యపు పట్టిక వ్రాయుటకు 2002 నాటి చట్టము గ్రామములందు సంఘముల నేర్పఱచినది. ఆ పట్టికకు నిజమైన పండితుడు నేను కాను, ఆ వృద్ధుడే.

మరుసటి వేసవిలో బాలురచేత ఇప్పగింజలు నాటించితిని. అవి పూచుటకు సుమారు పదియేండ్లు పట్టును. ఆ పూవులను నేను చూతునో లేదో. బడిపుస్తకమున వాని పేరు మాత్రము వ్రాసితిని.