ఇంటనుండియే రూపకల్పన విద్య

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా చందాలిచ్చి, పుస్తకములు చదివి, ఈ గ్రంథాలయమును నిలిపినవారందరును ఈ ఉత్సవమునకు కర్తలే. ఇట్టి శుభసమయమున మాటలాడుమని నాకిచ్చిన విషయము కొంత క్రొత్తది. గ్రాఫిక్ డిజైను అను విద్యను ఇంటనే యుండి నేర్చి, దానిని జీవనోపాధిగా చేసికొనవచ్చునా? మన యువతీ యువకులు పలువురు ఈ ప్రశ్న అడుగుచున్నారు. తల్లిదండ్రులో, "కంప్యూటరులో బొమ్మలు గీచినంత మాత్రమున కూడు దొరకునా?" అని శంకించుచున్నారు. ఉభయుల మాటలయందును న్యాయము కలదు.

ఈ విద్యకు పేరు క్రొత్తది గాని వస్తువు మనకు పరిచితమైనదే. పురుగుమందు డబ్బాపై మూలమీద నిలిపిన చతురస్ర మొకటి యుండును. దాని క్రింది సగము ఎరుపైనచో అది అత్యంత తీవ్రమైన విషము, పసుపైనచో దాని తరువాతిది, నీలము మధ్యమము, ఆకుపచ్చ తక్కినవానికంటె తక్కువది. చదువురాని రైతు సైతము ఆ రంగు చూచి మెలకువ పడగలడు. 1951-52 సంవత్సరములలో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో, చదువురాని వోటర్ల సౌకర్యార్థము పార్టీలకు గుర్తు లేర్పరచిరి. 2010లో మన రూపాయికొక చిహ్న మేర్పడెను. దానిని రచించినవారు డి. ఉదయకుమార్ గారు. ఇవన్నియు ఈ విద్యకు చెందినవే. చెప్పదలచిన సంగతిని అక్షరము, బొమ్మ, రంగు, ఖాళీస్థలము అను నాలుగింటితో చూచినంతనే తెలియునట్లు అమర్చుటయే గ్రాఫిక్ డిజైను. అందము దానికి వన్నె తెచ్చును. కాని సంగతి తెలియకున్న ఆ అందము వ్యర్థము.

ఇక దీనిని బడికి పోకుండ నేర్చినవారు కలరా? కలరు. బ్రిటనులో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అను యువకుడు వైద్యవిద్య చదువుచు, ఆరోగ్యము చెడుటచే మానుకొనెను. పిమ్మట లండనులోని బ్రిటిష్ మ్యూజియమున ప్రాచీన వ్రాతప్రతులను ముందిడుకొని, ఆనాటి లేఖకులు కలము నెట్లు పట్టిరో, గీత ఎచట లావై ఎచట సన్నగిల్లినదో తానే పరిశీలించి అక్షరవిద్య నేర్చెను. 1899లో అతడే ఆ విద్యకు ఉపాధ్యాయుడయ్యెను. 1906లో దానిపై ప్రసిద్ధ గ్రంథము వ్రాసెను. లండను భూగర్భ రైల్వేకు అతడు రూపొందించిన అక్షరములు 1916లో వాడుకలోనికి వచ్చెను. 2016లో కొన్ని సవరణలు పొంది అవి నేటికిని అచట నిలిచియున్నవి. అతని మొదటి గురువులు వ్రాతప్రతులే. గ్రంథాలయ సభలో ఈ మాట చెప్పుకొనుట ఎంతయు తగును.

అమెరికాలో చార్లెస్ షుల్జ్ అను నతడు క్షౌరవృత్తి చేయువాని కుమారుడు. అతడు చిత్రలేఖనమును తపాలా ద్వారా నేర్చెను. గీచిన బొమ్మలను పంపుట, అచటి ఉపాధ్యాయులు దిద్ది మరల పంపుట - ఇదియే అతని పాఠశాల. పిల్లల బొమ్మలు గీయు పాఠములో అతనికి వచ్చినది సి ప్లస్ శ్రేణి మాత్రమే. ఆ షుల్జ్ పిల్లలే పాత్రలుగా గీచిన 'పీనట్స్' హాస్యచిత్రములు 1950 మొదలు 2000 వరకు ప్రపంచమంతయు పేరుగాంచెను. మన బాపుగారును న్యాయశాస్త్రమున పట్టము పుచ్చుకొన్నవారే. ఆయన బొమ్మలనే కాక ఆయన చేతివ్రాతను సైతము తెలుగువారు గుర్తుపట్టుదురు. ఆ వ్రాత నేడు కంప్యూటరు అక్షరముగా కూడ వాడుకలో నున్నది.

అహమ్మదాబాదులో 1961లో జాతీయ డిజైను సంస్థ వెలసెను. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో మరియొక జాతీయ డిజైను సంస్థ ప్రారంభమయ్యెను. ప్రవేశపరీక్షలు వ్రాసి అట్టిచోట చేరగలవారు తప్పక చేరవలెను. కాని అందరికిని అవకాశము దొరకదు. అట్టివారికి నేడు సాధనముల కొరత లేదు. ఇంక్‌స్కేప్, జింప్, స్క్రైబస్ అను కంప్యూటరు పనిముట్లు ఉచితముగా లభించును. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి మున్నగు తెలుగు అక్షరరూపములును ఉచితములే. బొంబాయి ఐ.ఐ.టి. వారు ఆధ్వర్యము వహించిన డి-సోర్స్ అను పాఠ్యభాండాగారము ఇంటర్నెట్టున ఎల్లరకును తెరచియున్నది.

అయినను పనిముట్టు తెలిసినంతనే విద్య వచ్చినట్లు కాదు. ఉలిని కొన్నవాడెల్ల శిల్పి కాడు గదా! అభ్యాసి మొదట పెన్సిలు పట్టవలెను. తెలుగు అక్షరములను జానెడెత్తున గీచి చూడవలెను. ధ, థ ల భేదము ఒక చుక్కలోను, ప, వ ల భేదము ఒక చిన్న సందులోను ఉన్నవి. అక్షరము చిన్నదైనపుడు ఆ చుక్క కనబడకపోయినను, ఆ సందు మూసికొనిపోయినను మాటయే మారిపోవును. తెలుగులో గుడి పైకి లేచును, వత్తు క్రిందికి దిగును. కావున ఇంగ్లీషునకు సరిపోవు ఎడమునే పంక్తుల నడుమ ఉంచినచో, పై పంక్తి వత్తు వచ్చి క్రింది పంక్తి గుడిని తగులును. కొన్ని పనిముట్లలో తగిన అమరిక చేయనిచో "స్త్రీ" వంటి సంయుక్తాక్షరము ముక్కలై విడిపోవును. ఈ దోషములను గోడపత్రికలలోను, దుకాణపు పలకలలోను నిత్యము చూచుచున్నాము. తెలుగు చదువనేరనివాడు వీనిని పట్టుకొనలేడు. మన పల్లెల పిల్లలకు తెలుగు కన్ను కలదు; అది పట్టణమునకు పోయి కొనితెచ్చుకొనవలసిన వస్తువు కాదు.

అచ్చు సంగతియు తెలియవలెను. కంప్యూటరు తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను వెలుగులతో రంగులు చూపును. అచ్చుయంత్రము నీలి, గులాబి, పసుపు, నలుపు సిరాలతో రంగులద్దును. అందుచే తెరపై మెరసిన రంగు కాగితముపై మందగించును. బొమ్మకు అంగుళమునకు 300 చుక్కల వంతున లేనిచో అచ్చులో మసకబారును. దగ్గరి పట్టణములోని అచ్చాఫీసున నాలుగు దినములు నిలబడి చూచినవానికి ఇది చక్కగా మనసున నాటును.

ఇంటి చదువునకు గల పెద్ద లోపము వేరొకటి కలదు. దిద్దువారుండరు. షుల్జ్ బొమ్మలు దిద్దబడి తిరిగి వచ్చినవి. నేటి అభ్యాసి వందలకొలది పాఠములను చూచును గాని, అతని పనిని చూచువా డొక్కడును లేడు. తన తప్పు తనకు కనబడదు. దీనికి నేను చెప్పు ఉపాయ మిది: చేసిన పనిని గోడకంటించి పది అడుగుల దూరమున ఒక వృద్ధుని, ఒక పిల్లవానిని నిలబెట్టవలెను. "బాగున్నదా?" అని అడుగరాదు, మొగమాటమునకు బాగున్నదనియే అందురు. "ఇందేమి ఉన్నది? ఎన్నడు? ఎచట?" అని అడుగవలెను. వారు చెప్పలేకపోయినచో తప్పు వారిది కాదు, పనిది. వీలైనంతలో వృత్తిలో నున్న వారొకరికి నెలకొకసారి పనులు పంపి విమర్శ కోరవలెను.

తల్లిదండ్రులకొక మనవి. ఆరు వారములలో డిజైనరును చేయుదుమనియు, ఉద్యోగము ఖాయమనియు చెప్పి వేలకొలది రుసుము అడుగువారిని నమ్మవలదు. ఈ వృత్తిలో ధ్రువపత్రముకంటె, చేసిన పనుల సంపుటికే విలువ యెక్కువ. మాట చెప్పినంతనే బొమ్మ గీచియిచ్చు యంత్రములు కూడ ఇపుడు వచ్చినవి. వానిచే చిల్లరపనులు కొన్ని తగ్గవచ్చును. ఆ సంగతి దాచి ఆశ పెట్టుట ధర్మము కాదు. కాని ఆ బొమ్మ ఎవరికొరకు, అందలి తెలుగు మాట ఒప్పో తప్పో నిర్ణయింపవలసినది మనుష్యుడే.

ముఖ్యముగా ఆడపిల్లల సంగతి. ఇంటనుండి చదువు పిల్ల చదువుచున్నట్లు ఎవరికిని తోచదు. "ఖాళీగానే ఉన్నది గదా" అని నీళ్లకును, పొయ్యి వద్దకును, వచ్చిన చుట్టములకును ఆమెనే పిలుతురు. కళాశాలకు పోయినచో ఎవరును పిలువజాలరు గదా! దినమునకు రెండు గంటలు ఆమెవిగా విడిచిపెట్టుడు. రుసుము కట్టనక్కరలేని ఈ చదువునకు తల్లిదండ్రులు చెల్లింపవలసిన రుసుము ఆ రెండు గంటలే.

తుదకు కార్యవర్గము వారికొక విన్నపము. ఈ గ్రంథాలయమున ఒక బల్లయు, ఒక కంప్యూటరును అభ్యాసకుల కొరకు ఉంచుడు. పాత పత్రికల ముఖచిత్రములు, పెండ్లి శుభలేఖలు, విత్తనపు సంచుల చీటీలు పారవేయక ఒక పెట్టెలో భద్రపరచుడు. అవి వారికి పాఠ్యగ్రంథములగును. గ్రామమునకు కావలసిన ప్రకటనలను, టీకాల దినమో, గ్రామసభయో, ఏదైనను సరే, నెలకొక్కటి ఆ పిల్లలచేత చేయించి వాకిట అంటింపుడు. చదువరులు దానిని చదివి, తెలియనిచోట తెలియలేదని చెప్పుడు. అపుడు ఇంట చదువు పిల్లలకు ఈ గ్రామమే దిద్దు గురువగును.