నేల యెఱిగి యిల్లు, మరుగుగోయి, పెరడు
(కృష్ణా దిగువ డెల్టా రైతుల కుపన్యాసము)



గుడివాడనుండి బందరు పోవు త్రోవలో నేలయంతయు నొక్కటిగానే కన్పట్టును. గడ్డపాఱతో నాలుగు మూరలు త్రవ్వి చూచినగాని భేదము తెలియదు. గుడివాడ ప్రాంతమున నల్లరేగడి. బందరు దాటి సముద్రమువైపు పోగా నిసుకదిబ్బలు, వాని నడుమ నుప్పుపఱ్ఱలు. దివిసీమలో కృష్ణ రెండు పాయలై తెచ్చివేసిన ఒండ్రు, దానిలో పొరలుగా నిసుక. వరి నాటునపుడు ఈ భేదమును చక్కగా నెంచు రైతే, యిల్లు కట్టునపుడు గుడివాడ కొలతలను నాగాయలంకకు తీసికొనిపోవుచున్నాడు.

రేగడి వేసవిలో నెఱియలు విచ్చి, వానకు ఉబ్బును. గోడ దళసరి చేసినందున ప్రయోజనము లేదు; కదలునది నేల. పునాది నెఱియలు దిగు లోతునకు క్రిందుగా పోవలెను. త్రవ్విన రేగడినే మరల గోతిలో నింపరాదు. గోడలన్నిటిని పునాదిపై ఇనుపకమ్ముల కాంక్రీటు పట్టీతో కలుపవలెను. ఇట్టి నేలలకై రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థవారు అడుగున ఉబ్బుగల కాంక్రీటు స్తంభముల పద్ధతిని రూపొందించిరి. పెద్దచెట్టు గోడ ప్రక్క నుండరాదు. వేళ్లు నీరు పీల్చినకొలది నేల క్రుంగును.

సముద్రతీరమున భయము వేఱు. ఉప్పునీటితో కలిపిన సున్నము, సిమెంటు గోడను పొడిపొడిగా రాల్చును; లోని యినుము త్రుప్పుపట్టును. 1864 నవంబరులో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలను తలచినచో అరుగు ఎంత యెత్తుండవలెనో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక మరుగుదొడ్డి. సెప్టిక్ ట్యాంకు ఏ నేలలోనైన నొక్కటే. దానినుండి వెలువడు నీరు ఎచట నింకుననునదే ప్రశ్న. రేగడిలో నది యింకదు. శ్రావణ భాద్రపదములలో గోయి నిండి పైకి తన్నును. అంతట యజమాని గొట్టమును కాలువలోనికి త్రిప్పును. ఆ కాలువ నీరే దిగువ గ్రామపు మంచినీటి చెరువును నింపుచున్నదని యతడు తలపడు. ఇసుకలో దీనికి విరుద్ధము: గోయి యెన్నడును నిండదు. అదియే యపాయము. వడియక పోయిన మలినము నేరుగ బావి చేరును. దిబ్బలమీది తీపినీరు అడుగున నున్న ఉప్పునీటిపై తేలు పలుచని పొర. మర పెట్టి విస్తారముగ తోడినచో ఉప్పు పైకెక్కును, గోయి ప్రక్కనున్నచో మలినము దిగును. చెలమ నీరు త్రాగు కుటుంబమున కీ రెండును కీడే.

కావున ముందు పరీక్షింపవలెను. గోయి వేయదలచిన లోతున చిన్న గుంట తీసి, నీరుపోసి ఒక రాత్రి నాననిచ్చి, మఱునాడు నీరు రెండున్నర సెంటీమీటర్లు దిగుటకు పట్టు కాలము చూడవలెను. అరగంటలోపైన నింకుడుగోయి పనికివచ్చును. గంట మించిన పనికిరాదు. వానకాలమున నేలనీరు 1.8 మీటరులోపు నున్నచో గోయి త్రవ్వక, నేలపై ఇసుకకంకరల మెరక కట్టి దానిలోనికి నీటిని వదలి, మీద అరటి, మెట్టతామర నాటవలెను, ఆకుకూరలు వలదు. త్రాగునీటి బావికిని గోయికిని 18 మీటర్లు, అనగా సుమారు 60 అడుగులు, తక్కువ కారాదు. ఇరుగువారి బావియు లెక్కలోనిదే.

పెరటికి వచ్చినచో, రేగడిలో ఎత్తుమళ్లు, పశువుల యెరువు. ఇసుకలో కొబ్బరి, సపోటాలకు చెఱువుమట్టి చాలును. చౌడు నందు తొందర పనికిరాదు. తెల్లని ఉప్పు తేలు పాలచౌడు కాలువ తీపినీరు నిలిపి మురుగు తీసినచో తగ్గును. కారుచౌడు నీటితో మాత్రమే తగ్గదు. మట్టి పరీక్షలో తేలిన మోతాదున జిప్సము వేసి, జీలుగ పెంచి పూతకు ముందే కలియదున్నవలెను. ప్రక్కపొలమున రొయ్యలచెరువున్నచో నడుమ లోతైన మురుగుబోదె లేక ఈ శ్రమ నిలువదు. ఆ బోదెను ఎవరు త్రవ్వవలెనో చెరువు కట్టకముందే నిశ్చయించుకొనుట మేలు.