రొయ్యల గుంటకు కట్టుబాటే మందు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. మన కోస్తా మండలాల్లో గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. అయితే మన బిడ్డలు చాలామంది రొయ్యల గుంటల మీద బతుకుతున్నారు. మనలో కొందరి గ్రాట్యుటీ సొమ్మూ ఆ నీళ్లలోనే ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు.

1994లో మన నెల్లూరు తీరాన టైగరు రొయ్యకు వైరస్ జబ్బు తగిలి, గుంటలకు గుంటలే తుడిచిపెట్టుకు పోయాయి. తెల్లమచ్చ రోగం పడితే పది రోజుల్లోపే గుంట ఖాళీ. గొడ్లకు గాలికుంటు టీకా వేస్తే, ఆ రోగాన్ని గుర్తుపట్టి ఎదిరించే శక్తి ఒంట్లో పుడుతుంది. రొయ్య ఒంటికి ఆ ఏర్పాటు లేదు. యాంటీబయాటిక్ మందులు వైరస్ మీద పనిచేయవు. పైగా వాటి ఆనవాళ్లు దొరికితే విదేశాల వారు సరుకు తిప్పి పంపుతారు.

కాబట్టి రోగం రాకుండా చూడటమే కొత్త పద్ధతి. 2009లో వనామి సాగుకు అనుమతి వచ్చింది. ఫలానా రోగాలు లేవని తేలిన తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెప్పించి, చెన్నై క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించి హేచరీలకు ఇచ్చారు. రైతు తన వంతుగా పిల్లకు పి.సి.ఆర్. పరీక్ష చేయించాలి, నీటిని నిలవబెట్టి బ్లీచింగ్ వేయాలి, రోగాన్ని మోసే ఎండ్రకాయలు దూరకుండా చుట్టూ వల కట్టాలి.

ఒక్క సంగతి గమనించండి. రోగం లేని పిల్ల అంటే రోగం రాని పిల్ల అని కాదు. వనామికీ తెల్లమచ్చ వస్తుంది. జబ్బు గుంట నీళ్లు రాత్రికి రాత్రి కాలువలోకి వదిలితే, తెల్లవారి పొరుగువాడు అవే తోడుకుంటాడు. పొలం గట్టుకైతే సర్వే రాయి పాతుతాం, నీటికి ఏ రాయి పాతగలం?

పెద్దలుగా మనం ఇంట్లో చెప్పవలసింది ఇదే. జబ్బు కనబడిన రోజే తూము మూయండి. పక్క గుంటల వారికి కబురు చెప్పండి. బ్లీచింగ్ వేసి, గడువు దాటాకే నీళ్లు వదలండి. పొరుగువాడి గుంట బాగుంటేనే మన గుంట బాగుంటుంది.