శరదృతువున పెరటితోట, దీపపు పురుగులు
(పంచాయతి సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



దసరా వెళ్ళినది. ఈ ఆశ్వయుజ, కార్తిక మాసములు పెరటితోటకు మంచి అదను. టమాట, వంగ, కాబేజి నారు పోయుటకును, చిక్కుడు, ముల్లంగి, పాలకూర, మెంతి విత్తుటకును ఇది తగిన కాలము. కోస్తా జిల్లాలకు తుపాను భయము ఇంకను తీరలేదు గనుక నారుమడిని నేలకంటె జానెడు ఎత్తున కట్టుకొనవలెను. ధనియాలను బద్దలుగా నలిపి చల్లవలెనని మన ఇల్లాండ్రకు మేము చెప్పనక్కరలేదు.

మేము చెప్పదలచినది వేరొకటి. సందెవేళ వసారా దీపమునకు ముసురు రెక్కల పురుగులను తెల్లవారి చీపురుతో ఊడ్చివేయుట మన అలవాటు. ఊడ్చుటకు ముందు గోడను ఒకసారి పరికించుడు. గోధుమవన్నె ముందురెక్కలపై తెల్లని గీతలు అడ్డదిడ్డముగా నుండి, వెనుకరెక్కలు తెల్లగా నున్నచో అది పొగాకు లద్దెపురుగునకు తల్లి కావచ్చును. ఆ దినముననే తోటలో ఆకుల అడుగుభాగము వెదకవలెను. ఆ తల్లి వందలకొలది గుడ్లను ముద్దగా పెట్టి పైన నూగు కప్పును. కొలది దినములలో పిల్లలు వెలువడి, ఒకే ఆకుపై గుంపుగా మేసి దానిని జల్లెడ చేయును. ఆ గుంపు చెదరకముందే ఆకును త్రుంచి నలిపివేసినచో మందుతో పనియే లేదు. చెదరిన పిమ్మట పగలు మట్టిలో దాగి రాత్రి మేయును, పట్టుట కష్టము. గట్టుపై నాలుగు ఆముదపు మొక్కలున్నచో తల్లిపురుగు వానినే ముందు కోరును, వెదకు శ్రమ తగ్గును.

వంగ విషయమున మాత్రము దీపమును నమ్ముకొనరాదు. కొన వాడి వ్రేలాడినచో లోపల తొలుచు పురుగున్నదని గ్రహించి, ఆ కొనను త్రుంచి నాశనము చేయవలెను.

రెక్కల పురుగులన్నియు శత్రువులు కావు. సొరపువ్వు సాయంకాలము విచ్చును. దాని పుప్పొడిని మోయు జీవులలో రాత్రి తిరుగు పెద్ద రెక్కల పురుగులును గలవు. కనబడిన ప్రతిదానిపై విషము చల్లినచో పిందె నిలువదు సరికదా, మన బిడ్డలు తిను కూరపైననే ఆ విషము పడును.

ఒక ఇంటివారు గుడ్లు ఏరి, ప్రక్క యింటివారు ఊరకున్నచో ఫలము స్వల్పము. దడి రెక్కల పురుగునకు అడ్డు కాదు. వీధిదీపములు పంచాయతివే గదా! వారమునకు రెండు రాత్రులు ప్రతి వార్డు సభ్యుడును తన వీధిదీపము క్రింద చూచి, తల్లిపురుగులు హెచ్చినచో మరునాటి ఉదయమే దండోరా వేయించినను, మైకులో చెప్పించినను సరే. బడిపిల్లల కన్నులు మనకంటె చురుకైనవి, వారిని వెంటబెట్టుకొనుడు.

అప్పటికిని పురుగు మిగిలినచో, లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రి నానబెట్టి, వడగట్టి, కొంచెము సబ్బునీరు కలిపి, పూలపై పడనీయక ఆకుల అడుగున చల్లుడు. ఎండలో దాని గుణము త్వరగా తగ్గును గనుక ప్రొద్దు వాలిన తరువాతనే చల్లవలెను.