ఐదుగురి ఆట, అందరి పద్దు
(సంఘ సభయందు చేసిన ప్రసంగపాఠము)



1930లో మాంటివిడియో నగరమున హువాన్ కార్లోస్ సెరియాని అను వ్యాయామోపాధ్యాయుడు రూపొందించిన ఫుట్‌సాల్ ఆటకు పక్షమునకు 5గురు, 40 మీటర్ల పొడవు 20 మీటర్ల వెడల్పు గల గచ్చునేల చాలును. మనవంటి చిన్న సమాజమునకు తగిన ఆట.

కాని 5గురితో జట్టు నిలువదు. ఆటగాండ్రను ఎన్నిమారులైనను మార్చవచ్చును గనుక 10 మందినైనను చేర్చుకొని, వచ్చిన ప్రతివానిని ఆడింపవలెను.

మన మునుపటి జట్టు ఓటమివలన చెడలేదు. దుకాణములో ప్రతి పైసకు పద్దు వ్రాయు నేను, చందాల లెక్క ఎవరికిని చూపనైతిని. అనుమానము పుట్టి పిల్లలు చెదరిపోయిరి. తప్పు నాది.

ఈసారి స్థలపుటద్దె, బంతి వెల, చందాలు ప్రతి ఆదివారము నల్లబల్లపై తెలుగున వ్రాయవలెను. వ్రాయువాడు ఆటగాడే కావలెను. జట్టుతోపాటు మన లిపియు నిలుచును.

సెలవు.