పాత చీర, కొత్త గోడ

గోడలు బోసిగా ఉన్నాయని దుకాణానికి పరుగెత్తనక్కర్లేదు. ముందు ఇంట్లో బీరువా తెరిచి చూస్తే సరి.

అంచు చిరిగినా రంగు తగ్గని పోచంపల్లి నూలు చీర కిటికీకి చక్కని పరదా. పైఅంచు మడిచి కుట్టి, అందులో కర్ర దూరిస్తే పని అయిపోతుంది. పట్టు చీరైతే వెనక పాత పంచెను అస్తరుగా వేయాలి. ఎండ నేరుగా తగిలితే పట్టు పెళుసుబారి పిగిలిపోతుంది.

గోడ మీదికి కలంకారీ బాగుంటుంది. కృష్ణా జిల్లా పెడనలో దీన్ని చెక్క అచ్చులతో అద్దుతారు. పాత పద్ధతిలో బట్టను కరక్కాయ నీళ్లలో నానబెడతారు. ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం దానికి నలుపునిస్తుంది. పటిక అద్దిన చోట ఎరుపు పట్టుకుంటుంది. శ్రీకాళహస్తిలో కలంతో గీసిన తెరలు ఖరీదెక్కువ. పెడన బట్ట మీటరు ముక్క కొని చెక్క చట్రానికి బిగిస్తే గోడకు కళ వస్తుంది. మేకు కొట్టనివ్వని ఇంటి యజమానులూ ఉంటారు కదా, అక్కడ చట్రాన్ని బల్ల మీద గోడకు ఆనిస్తే చాలు. ఎండ పడని గోడైతే రంగులు త్వరగా వెలవవు.

వేసవిలో కిటికీకి వట్టివేళ్ల తెర కట్టి నీళ్లు చల్లితే, తడి ఆవిరవుతూ లోపలికొచ్చే గాలిని చల్లబరుస్తుంది, పరిమళం అదనం. పొడి ఎండల అనంతపురంలో ఇది బాగా పనిచేస్తుంది. ఉక్కపోసే విశాఖలో అంతగా కాదు. తెరను అప్పుడప్పుడు పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే బూజు పడుతుంది.