శ్వాసవ్యాధి – మనోవ్యాకులత
(ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థి, వైద్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



ఇంతటి శుభసందర్భమున వ్యాధిని గురించి మాట్లాడుట ఏమని కొందరికి తోచవచ్చును. కాని ఇచ్చట చదివిన మనలో ఎందరికో పలకాబలపములు, పుస్తకములు, పండుగబట్టలు మగ్గము మీదినుండియే వచ్చినవి. మన సత్రపట్టిలో నేసిన బ్యాండేజి గుడ్డ ఎక్కడెక్కడి ఆసుపత్రులలోనో గాయములకు కట్టుగా చేరుచున్నది. ఇతరుల గాయములకు గుడ్డ నేసిన వారి రొమ్ములోని బాధను గురించి ఒక పూట ఆలోచించుట మనకు ఋణము తీర్చుకొనుట వంటిదే.

ముందుగా వ్యాధి స్వరూపము చెప్పెదను. ఊపిరితిత్తులలోని గాలిగొట్టములు సన్నబడి, పీల్చిన గాలి సులభముగా బయటికి పోకుండుట దీని ముఖ్యలక్షణము. వైద్యులు దీనిని సి.ఓ.పి.డి. అందురు. బీడీ, సిగరెట్టు పొగ, గాలి ఆడని వంటింటిలో కట్టెపొయ్యి పొగ, పనిచోటి ధూళి, పూర్వము వచ్చి నయమైన క్షయ మిగిల్చిన మచ్చలు దీనికి కారణములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2021లో ఈ వ్యాధితో సుమారు 35 లక్షలమంది మరణించినారు. కనుక ఇది ఏ ఒక్కరి కర్మఫలమో, ఏ ఒక్క ఇంటి దోషమో కాదు.

ప్రత్తి ధూళివలన వచ్చు వ్యాధికి బిస్సినోసిస్ అని ప్రత్యేకనామము కలదు. నార దువ్వు పనివారి దగ్గును గురించి ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లోనే వ్రాసినాడు. సెలవు తరువాత మొదటి పనిదినమున రొమ్ము బిగదీసినట్లుండి, వారము గడచుకొలది తగ్గుట దీని తొలిగుర్తు. ఈ దశలో ధూళికి దూరమైనచో చాలవరకు కుదుటపడవచ్చును. ఏండ్లు గడచినచో అది నిలిచిపోవును. పి.ఎ.సి. రామస్వామిరాజాగారు 1936లో రాజపాళయం మిల్లును స్థాపించిన నాటినుండి ఈ ప్రాంతమునకు నూలు అన్నము పెట్టినది. ధూళి మిక్కుటముగా ఉండునది మిల్లులోని బ్లో రూము, కార్డింగు విభాగములలో. మగ్గములవద్ద అంతకన్న తక్కువయే గాని లేకపోలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు వ్యాధుల పట్టికలోను, ఇ.ఎస్.ఐ. చట్టపు పట్టికలోను బిస్సినోసిస్‌ను చేర్చినారు. కాని నాలుగైదు మగ్గముల చిన్న షెడ్డులో పనిచేయువారికి ఆ రక్షణ అందుట అరుదు.

ఇక నేటి అసలు విషయము. వ్యాధి పేరు విన్న నాటి రాత్రి మనిషికి నిద్ర పట్టదు. నావద్దకు వచ్చిన ఒక నేతపనివారు రిపోర్టు చేతబట్టుకొని చాలసేపు మౌనముగా కూర్చుండి, చివరకు అడిగినది మందు గురించి కాదు. “డాక్టరుగారూ, మా అమ్మాయికి సంబంధము కుదిరినది. ఈ మాట వియ్యంకులవారికి తెలిసినచో?” అని. ఆయన భార్య వేరొకటి అడిగినది: “పిల్లలకు అంటుకొనునా అయ్యా?” భయము అనునది ఒకటే మూటగా కనబడును. విప్పి చూచినచో అందులో వేరువేరు ప్రశ్నలుండును. కొన్నిటికి వెంటనే సమాధానము కలదు.

అంటుకొనునా? అంటుకొనదు. ఈ వ్యాధి కలవారి కంచము, గ్లాసు, పడక వేరుచేయ పనిలేదు. అయితే రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో కఫపరీక్ష చేయించి క్షయ లేదని నిర్ధారించుకొనవలెను. ఆ పరీక్షకు వెరచి దాచుటవలన రెండు వ్యాధులును ముదురును.

ఇక బ్రతుకెంత? గాలిగొట్టములకు కలిగిన నష్టము పూర్తిగా తొలగదన్నది నిజము. దానిని దాచుట వైద్యధర్మము కాదు. కాని పొగ మానినవారికి ఊపిరి తరిగిపోవు వేగము తగ్గునన్నదియు అంతే నిజము. 1846లో హచిన్సన్ అను ఆంగ్లవైద్యుడు రూపొందించిన స్పైరోమీటరు వంశములోని యంత్రములే నేడును మన ఊపిరిని కొలుచుచున్నవి. ఆ కొలత నేటి స్థితిని చెప్పును గాని మరణదినమును చెప్పదు. అది జాతకము కాదు.

అర్ధరాత్రి ఆయాసము వచ్చినచో? రోగిని ఎక్కువగా బాధించునది ఈ భయమే. ఇచ్చట శరీరధర్మము ఒకటి తెలియవలెను. గొట్టములు సన్నబడినవారికి గాలి వదలుటకు ఎక్కువ సమయము కావలెను. భయము కలుగగానే శ్వాస వేగము హెచ్చును. మునుపటి గాలి పోకమునుపే కొత్త గాలి చేరును. రొమ్ము నిండిన కుండవలె బిగియును. “గాలి ఆడుటలేదు” అని భయము మరింత పెరుగును. ఈ విధముగా ఆయాసము భయమును, భయము ఆయాసమును పెంచుచుండును. “ఊపిరాడనంత దిగులు” అని మనము వాడు మాట వీరి విషయమున అక్షరసత్యము.

ఈ వలయమును త్రెంచు ఉపాయము సులభము. కుర్చీలో కూర్చుండి కొంచెము ముందునకు వంగి, మోచేతులు తొడలపై ఆనించవలెను. ముక్కుతో మెల్లగా పీల్చి, పెదవులు ముడిచి, దీపపుజ్వాల వంగవలెను గాని ఆరరాదు అన్నంత నిదానముగా వదలవలెను. పీల్చుటకు రెండు లెక్కించినచో వదలుటకు నాలుగు. ముఖమునకు ఫ్యాను గాలి తగులనిచ్చుటయు మేలు. కష్టము లేని వేళలో దినమునకు కొన్నిసార్లు అభ్యసించినచో కష్టకాలమున అది తనంతట వచ్చును. వైద్యుడు చెప్పిన ఇన్‌హేలరు అందుబాటులో ఉంచుకొనవలెను. “అలవాటగును” అని దానిని కొందరు వెలివేయుదురు. అది సరికాదు. మందును నేరుగా ఊపిరితిత్తులకు చేర్చు సాధనము అది. నిద్ర పట్టుటలేదని మందుల అంగడిలో స్వయముగా నిద్రమాత్రలు కొని వాడుట మాత్రము ప్రమాదము. కొన్ని మాత్రలు శ్వాసనే మందగింపజేయును.

మాట పూర్తిచేయలేనంత ఆయాసము, పెదవులు నీలిబారుట, మగత, కఫము రంగు మారి హెచ్చుట, ఇవి ఆలస్యము చేయరాని గుర్తులు. మొదటి మూడింటిలో ఏది కనబడినను 108కు ఫోను చేయవలెను. ఏ గుర్తుకు ఏమి చేయవలెనో ముందే తెలిసినవారికి రాత్రి భయము సగము తగ్గుట నేను చూచితిని.

నడచినచో ఆయాసము వచ్చునని కదలక కూర్చుండుట ఇంకొక పొరపాటు. కాళ్లు బలహీనమై, నాలుగడుగులకే రొప్పు వచ్చును. వైద్యుని సలహాతో దినదినము కొంచెముగా నడక పెంచినవారికి శక్తియు, ధైర్యమును రెండును వచ్చును. ఇంత చేసినను రెండు వారములకు పైగా నిద్ర, ఆకలి లేక, దేనిమీదను మనసు నిలువకున్నచో అది కూడ చికిత్స కలిగిన వ్యాధియే. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేయవచ్చును.

వియ్యంకుల ప్రశ్నకు మాత్రము నాయొద్ద మందు లేదు. ఆ మందు ఈ సభయొద్ద ఉన్నది. వ్యాధిని నిందగా చూచు ఊరిలో రోగి దాచును. దాచినవాడు ధూళిలోనే పనిచేయును, వైద్యము మానును, లోలోపల కుములును. షెడ్డు యజమానులలో మన పూర్వ విద్యార్థులును ఉన్నారు. గాలి ఆడు కిటికీలు, ధూళి లేవకుండ శుభ్రపరచు పద్ధతి, దగ్గు వచ్చినవానిని పనినుండి తొలగింపక ధూళి తక్కువ చోటికి మార్చుట, ఇవి మీచేతిలోని పనులు.

విద్యార్థులకు ఒక విన్నపము. మన ఇండ్లలో మాట తెలుగు. మందుచీటీ ఆంగ్లము. తాతగారికి, అమ్మమ్మగారికి అది చదువరాదు. ఏ మందు ఎప్పుడు, ఏ గుర్తుకు ఏమి చేయవలెను, ఎవరికి ఫోను చేయవలెను అన్నది వైద్యుని అడిగి, ఒక అట్టపై పెద్ద తెలుగు అక్షరములతో వ్రాసి వారి మంచమువద్ద వ్రేలాడదీయుడు. ఉపాధ్యాయులు ఆ వ్రాతను ఒకమారు సరిచూడవలెనని ప్రార్థించుచున్నాను. డెబ్బదియైదు సంవత్సరములుగా ఈ పాఠశాల నేర్పిన అక్షరములకు ఇంతకన్న తగిన వినియోగము నాకు తోచుటలేదు.